గృహప్రవేశం నాడే ఓడిన జట్టు

1948 సెప్టెంబరు 12న బ్రెజిల్‌లోని కాంపినాస్ నగరంలో ఒక ఫుట్‌బాల్ మైదానం ప్రారంభమైంది. దాన్ని ప్రభుత్వం కట్టించలేదు, కాఫీ తోటల దొరలూ కట్టించలేదు. జట్టు అభిమానులే ఇటుకలు పోగుచేసి ఇచ్చారు. ఇవ్వలేనివారు కూలి తీసుకోకుండా పనిచేశారు. ఆ పనిని ముందుండి నడిపించిన మొయిసెస్ లుకరెల్లి పేరే స్టేడియానికి పెట్టారు. ఇంత కష్టపడి కట్టుకున్న ఇంట్లో జరిగిన మొట్టమొదటి ఆటలో, పొరుగున ఉన్న పిరాసికాబా ఊరి జట్టు వచ్చి 3-0తో ఓడించి వెళ్లిపోయింది. గృహప్రవేశం నాడు పొయ్యి మీది పాలు పొంగకుండా విరిగిపోతే ఇంటివారి మొహాలు ఎలా ఉంటాయో ఆ రోజు ఆ గ్యాలరీలు అలాగే ఉండి ఉంటాయి.

సొంత ఇంట్లో ఓడిన ఆ జట్టు పేరు పోంచి ప్రేతా. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. పోర్చుగీసులో పోంచి అంటే వంతెన, ప్రేతా అంటే నల్లనిది. తెలుగు చెవికి మాత్రం అది ఎక్కడో పొంచి ఉన్న ప్రేతంలా వినిపిస్తుంది. ఆ జట్టు చరిత్ర కాస్త తెలిశాక, నా చెవి అంతగా పొరబడలేదేమో అనిపించింది. 1970 నుంచి 2017 దాకా సావో పాలో రాష్ట్ర ఛాంపియన్‌షిప్‌లో ఆరుసార్లు రెండో స్థానం దాకా వెళ్లింది. ఆరుసార్లూ గడప దగ్గరే ఆగిపోయింది. అందరూ లోపల విందు చేసుకుంటూ ఉంటే బయట నిలబడి చూసే ప్రేతం లాంటిదే కదా అది.

ఉద్యోగరీత్యా పద్నాలుగు నెలలు నేను కాంపినాస్‌లో ఉన్నాను. అక్కడ నా పక్క బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగి ఒకాయన ఉండేవారు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నల్లజాతీయుడు. పోంచి ప్రేతా అంటే ప్రాణం. తన తాత కూడా ఆ స్టేడియానికి ఇటుకలు ఇచ్చాడని చెప్పేవారు. ఎన్ని ఇచ్చాడని అడిగితే ఒక్కోసారి ఒక్కో లెక్క చెప్పేవారు. ఆయన వల్లే నాకు ఈ పిచ్చి పట్టింది. హైదరాబాద్ తిరిగి వచ్చాక స్నేహితులతో ఈ జట్టు గురించి ఎప్పుడు మాట్లాడినా మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఎన్ని కప్పులు గెలిచింది?" క్రికెట్ చూసి పెరిగినవాళ్లం, ఆ ప్రశ్న తప్పనను. కానీ దానికి నేను చెప్పే జవాబు ఎవరికీ నచ్చదు. పోంచి ప్రేతా అభిమానులకూ నచ్చదు. వాళ్లు నూరేళ్లకు పైగా రెండింటి వెంట పడ్డారు. ఒకటి కప్పు. రెండోది నల్లవారిని ఆడనిచ్చిన మొట్టమొదటి జట్టు తమదేనన్న గుర్తింపు. ఈ రెండూ లేకపోయినా ఆ క్లబ్బుకు లోటేమీ లేదని నా వాదన.

రెండోదాన్నే ముందు చూద్దాం. అందులోనే అసలు కథ ఉంది.

కాంపినాస్ ఒకప్పుడు కాఫీ రాజధాని. కాఫీ అంటే తోటలు, తోటలంటే బానిసలు. అమెరికా ఖండాల్లో అందరికన్నా ఆఖరున, 1888లో, బానిసత్వాన్ని రద్దు చేసిన దేశం బ్రెజిల్. అంతకు ముందే, 1872లో, కాఫీ బస్తాలను శాంతోస్ రేవు వైపు తరలించే రైలుమార్గం కాంపినాస్ చేరింది. ఆ దారిలో ఒక కొయ్య వంతెన కట్టి, చెడిపోకుండా తారు పూశారట. అదే నల్ల వంతెన. చుట్టూ పెరిగిన పేటకు ఆ పేరే వచ్చింది. రైల్వే కార్మికులు, చిన్న చిన్న పనులు చేసుకునేవారు ఉండే పేట. 1900 ఆగస్టు 11న ఆ పేట కుర్రాళ్లు కొందరు కలిసి క్లబ్బు పెట్టారు. వాళ్లలో మిగెల్ దో కార్మో అనే నల్లజాతి కుర్రాడు ఉన్నాడు. బానిసత్వం రద్దు కావడానికి మూడేళ్ల ముందు పుట్టినవాడు, తరవాత రైల్వేలో పనిచేసినవాడు. బ్రెజిల్‌లో ఒక క్లబ్బుకు ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనేనని పోంచి ప్రేతా చెప్పుకుంటుంది. అంతకన్నా పెద్ద మాట కూడా అంటుంది: ఫుట్‌బాల్‌లో జాతుల మధ్య ప్రజాస్వామ్యం మొదలైంది తమ దగ్గరే అని.

ఈ మాట విన్న రియో నగరవాసి ఊరుకోడు. బంగు అనే బట్టల మిల్లు జట్టులో 1905లోనే ఫ్రాన్సిస్కో కర్రెగల్ ఆడాడని గుర్తుచేస్తాడు. రియోలోని మరో క్లబ్బు వాస్కో ద గామా అభిమాని ఇంకా గట్టిగా మాట్లాడతాడు. 1923లో నల్లవారితో, పేదలతో నిండిన జట్టుతో రియో ఛాంపియన్‌షిప్ గెలిచింది తామేనని, వాళ్లను తీసేస్తేనే కొత్త లీగులో చోటిస్తామని పెద్ద క్లబ్బులు అంటే 1924లో మొహం మీదే కుదరదని ఉత్తరం రాసింది తామేనని చెబుతాడు. నన్నడిగితే వాస్కో ఉత్తరమే బరువైనది. ఒక కుర్రాడు పేట జట్టులో ఆడటం వేరు, అలాంటివాళ్ల కోసం లీగునే వదులుకోవడం వేరు. పోంచి ప్రేతాలో మిగెల్‌ను ఎవరూ చేర్చుకోలేదు, ఆ మాటే సరిగ్గా లేదు. అతను ఆ పేటవాడు, క్లబ్బు పెట్టినవాళ్లలో ఒకడు. సొంత ఇంటికి అనుమతి ఎవరిస్తారు? ఆ సహజత్వమే ఈ కథలో నాకు గొప్పగా కనిపిస్తుంది. దానికి ప్రజాస్వామ్యమని పెద్ద పేరు పెట్టి, ప్రథమ బహుమతి కోసం వరసలో నిలబడేసరికి అది చిన్నదైపోతుంది.

ఈ ప్రథమ స్థానం యావ వీళ్లకు ఇంకో చోట కూడా ఉంది. బ్రెజిల్‌లో ఇప్పటికీ ఆడుతున్న అతి పాత ఫుట్‌బాల్ క్లబ్బు ఏది అంటే దక్షిణాన ఉన్న రియో గ్రాండె పేరు చెబుతారు. అది 1900 జులై 19న పుట్టింది. పోంచి ప్రేతా కన్నా 23 రోజులు పెద్ద. ఆ 23 రోజుల కోసం మా సహోద్యోగి గంటల తరబడి వాదించేవారు. ఆస్తి పంపకాల్లో అన్నదమ్ములు కూడా అంతగా వాదించుకోరు.

ఇక ఆ క్లబ్బు అసలు పేరు దగ్గరికి వస్తాను. కాగితాల మీద పేరు ఏదైనా గ్యాలరీల్లో వినిపించేది 'మకాకా'. అంటే ఆడకోతి. నల్లవాళ్లు, పేదవాళ్లు ఎక్కువగా ఉండే ఆ గ్యాలరీలను చూసి ఎదుటి జట్ల అభిమానులు కోతిమూక అని వెక్కిరించేవారు. ఆ మాటను వీళ్లు తోసిపుచ్చలేదు. తీసుకుని తమ గుర్తుగా పెట్టుకున్నారు. ఇప్పుడు చంటిపిల్లల చొక్కాల మీద కూడా ఆ కోతి బొమ్మే ఉంటుంది. బ్రెజిల్‌లో తిట్టును తలపాగాగా చుట్టుకున్న జట్లు ఇంకా ఉన్నాయి. 1969లో ఫ్లమెంగో అభిమానులు తమను రాబందులంటున్నారని నిజం రాబందునే మరకానా స్టేడియంలోకి వదిలారు. పందులని పిలిపించుకున్న పల్మెయిరాస్ అభిమానులు 1986లో ఆ పేరునే తమ నినాదంగా మార్చుకున్నారు. అయినా ఈ మూడింటిలో కోతి అన్న మాటే ఎక్కువ లోతుగా దిగబడుతుంది.

ఈ విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి ఒప్పుకోవాలి. కొత్తగా వెళ్లినప్పుడు మా సహోద్యోగితో ఉత్సాహంగా, "మా దగ్గర కోతి అంటే హనుమంతుడు, ఊరూరా గుడి ఉంటుంది, మీ మకాకాకు మా వాళ్లు దండం పెడతారు" అన్నాను. ఆయన నవ్వారు. నవ్వి ఊరుకోకుండా, చిన్నప్పుడు బడిలో తనను ఆ మాట అన్నదెవరో, ఎప్పుడో వరసగా చెప్పుకుంటూ పోయారు. ఆ జాబితా పొడుగు విన్నాక నా హనుమంతుణ్ణి మళ్లీ ఆ సంభాషణలోకి తీసుకురాలేదు. మనకు దైవమైనంత మాత్రాన ఇంకొకరికి తగిలిన రాయి పువ్వు అయిపోదు.

2014 ఆగస్టు 28న పోర్తో అలెగ్రెలో ఏం జరిగిందో చూడండి. శాంతోస్ జట్టు గోల్‌కీపర్ అరాన్యా గ్రేమియో జట్టుతో ఆడుతున్నాడు. అరాన్యా అంటే సాలీడు, అది ముద్దుపేరు. గోలు వెనక కూర్చున్న కొందరు అతన్ని కోతి అని అరిచారు. కెమెరాలకు దొరికిపోయారు. క్రీడా న్యాయస్థానం గ్రేమియోను ఆ టోర్నమెంటు నుంచే తప్పించింది. ఈ అరాన్యా ఎక్కడ ఎదిగాడో తెలుసా? పోంచి ప్రేతాలో. 2008 రాష్ట్ర ఫైనల్లో వాళ్ల గోలు కాసింది అతనే. ఏళ్ల తరబడి తన వెనక వేలమంది 'మకాకా' అని ప్రేమగా అరుస్తుంటే ఆడినవాడు, ఇంకో ఊళ్లో దాదాపు అదే మాట వినగానే రెఫరీ దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశాడు. సరిగ్గా చేశాడు. మాట ఒకటే అయినా నోళ్లు వేరు. మేం ఆ తిట్టును గెలిచేశాం అనుకునే పోంచి ప్రేతా అభిమాని ఈ సంఘటనను మరచిపోకూడదు. తమ వీధిలో కోరలు తీసిన పాముకు పక్క వీధిలో ఇంకా విషం ఉంది. తిట్టును మోయడం వల్ల అది ఎక్కడా అంతం కాదు. మోస్తున్నవాళ్ల మధ్య ఒక బంధుత్వం మాత్రం పుడుతుంది. ఆ క్లబ్బును అభిమానులు ఎప్పుడూ 'ఆమె' అనే అంటారు. ముద్దొస్తే 'నల్ల ముసలమ్మ' అంటారు. ఓడిన రోజున కూడా ముసలమ్మ మీద కోపమే తప్ప వదిలి వెళ్లే మాట ఉండదు.

విచిత్రం ఏమిటంటే ఇదే ఊళ్లో ఉన్న శత్రువుదీ ఇలాంటి కథే. గ్వారని 1911లో పుట్టింది. కాంపినాస్‌లోనే పుట్టి, ఇటలీలో మిలాన్ నగరపు లా స్కాలా వేదిక ఎక్కిన స్వరకర్త కార్లోస్ గోమెస్ ఓపెరా పేరే దానికి పెట్టారు. ఎంత సంస్కారవంతమైన పేరు! కానీ గ్యాలరీల్లో దాన్ని పిలిచేది 'బూగ్రి' అని. ఆదివాసులను అనాగరికులుగా చూసి తెల్లవారు వాడిన మాట అది. రెండు స్టేడియాల మధ్య దూరం కిలోమీటరు కూడా లేదు. ఒక వైపు కోతి, ఒక వైపు అడవిమనిషి. ఒక కాఫీ నగరం తను ఎవరిని తొక్కి పెరిగిందో వాళ్లిద్దరి పేర్లనూ రెండు జట్లకు పెట్టుకుని వారం వారం అరుస్తోంది. ఈ రెండు జట్లూ ఆడే రోజున ఊరు రెండుగా చీలిపోతుందని అంటారు. నాకు మాత్రం ఆ రోజే ఊరి చరిత్రంతా ఒక్క చోటికి చేరినట్టు అనిపించేది.

ఇప్పుడు కప్పుల మాట. 1977 గురించి చెప్పకుండా ఏ పోంచి ప్రేతా అభిమానీ భోజనం ముగించడు.

బ్రెజిల్‌లో ప్రతి రాష్ట్రానికీ సొంత ఛాంపియన్‌షిప్ ఉంటుంది. ఆ రోజుల్లో సావో పాలో రాష్ట్ర కప్పు అంటే దేశ కప్పుకు ఏమాత్రం తీసిపోని గౌరవం. ఆ ఏడాది ఫైనల్లో ఎదురుగా ఉన్నది కొరింథియన్స్, సావో పాలో నగరపు మహా జనసంద్రం. 1954 నాటి కప్పు తరవాత 22 ఏళ్లుగా వాళ్లు ఈ కప్పు ముట్టలేదు. మూడు ఆటల ఫైనల్, మూడూ సావో పాలోలోని మొరుంబి స్టేడియంలోనే. మొదటిది కొరింథియన్స్ 1-0తో గెలిచింది. రెండో ఆటకు 1,40,000 మందికి పైగా వచ్చారు, దాదాపు అందరూ ఒకే జట్టు కోసం. వాళ్లందరి ముందు పోంచి ప్రేతా వెనకబడి, పుంజుకుని, 2-1తో గెలిచింది. అప్పటి ఆ జట్టు ఆషామాషీది కాదు. మధ్యలో డికా అనే మేధావి, వెనక ఆస్కర్, పొలోజి, గోలులో కార్లోస్. ఈ చివరి ముగ్గురూ మరుసటి ఏడాది ప్రపంచ కప్పుకు బ్రెజిల్ తరఫున వెళ్లారు. ఒక పేట జట్టు నుంచి ముగ్గురు!

అక్టోబరు 13, మూడో ఆట. ఇంకా పావుగంట అయ్యిందో లేదో, రెఫరీ డుల్సిడియో బొస్కిలియాతో వాదన పెట్టుకున్న పోంచి ప్రేతా ఫార్వర్డ్ రుయి రేయిని మైదానం నుంచి పంపేశారు. పదిమందితో గంటకు పైగా కాచుకున్నారు. ఆట మరో పది నిమిషాల్లో ముగుస్తుందనగా బంతి పోంచి ప్రేతా గోలు ముందు పడింది. కొరింథియన్స్ ఆటగాడు వగీన్యో కొట్టాడు, గోలు కర్రకు తగిలి వెనక్కి వచ్చింది. వ్లాదిమిర్ తలతో కొట్టాడు, గీత మీద నిలబడిన ఆస్కర్ అడ్డుకున్నాడు. మళ్లీ వచ్చిన బంతిని బసీలియో లోపలికి పంపాడు. మూడు దెబ్బలు. మొదటి రెండింటి నుంచి తప్పించుకుని మూడోదానికి పడిపోవడంలో ఏదో పురాణకథ లక్షణం ఉంది. 1-0.

తరవాత రుయి రేయి అదే కొరింథియన్స్‌కు ఆడటానికి వెళ్లాడు. దాంతో ఆ ఎర్రకార్డు కావాలనే తెచ్చుకున్నాడన్న అనుమానం కాంపినాస్‌లో వేళ్లూనుకుంది. దానికి ఎవరూ రుజువు చూపలేదు, ఆయన కాదంటూనే వచ్చాడు. నేను ఆ కుట్ర కథను నమ్మను. నమ్మాల్సిన అవసరమూ లేదనిపిస్తుంది. ఆ రోజు పోంచి ప్రేతాకు జరిగిన అన్యాయం రెఫరీ జేబులోని కార్డు కన్నా పెద్దది. దేశమంతా ఆ ఫైనల్‌ను కొరింథియన్స్ వనవాసం ముగిసే కథగా రాసుకుని కూర్చుంది. పట్టాభిషేకానికి ఎవరో ఒకరు ఓడాలి కాబట్టి ఎదుటి జట్టు కావాలి. 1977 గురించి బ్రెజిల్‌లో ఎవరిని అడిగినా బసీలియో పేరు చెబుతారు. ఓడిన జట్టు పేరు చెప్పడానికి ఒక్క క్షణం ఆలోచిస్తారు. డికా ఎంత బాగా ఆడాడో చెప్పేది కాంపినాస్ ఒక్కటే.

పుండు మీద కారం చల్లినట్టు, పది నెలల తరవాత, 1978 ఆగస్టులో, గ్వారని ఏకంగా దేశ ఛాంపియన్ అయింది. పదిహేడేళ్ల ఆటగాడు కరేకాతో, పల్మెయిరాస్‌ను రెండు ఆటల్లోనూ ఓడించి. రాష్ట్ర రాజధాని కాని ఊరు నుంచి పెద్ద పెద్ద క్లబ్బుల మధ్యకు వచ్చి ఆ కప్పు ఎత్తుకెళ్లడం మాటలు కాదు. మా సహోద్యోగి ఈ విషయం తనంతట తాను ఎప్పుడూ చెప్పలేదు. నేనే చదివి తెలుసుకున్నాను.

2013 కథ ఇంకా బాధాకరం, నాకైతే 1977 కన్నా ఎక్కువ. దక్షిణ అమెరికా ఖండపు రెండో పెద్ద టోర్నమెంటు సుడమెరికానాలో పోంచి ప్రేతా బ్యూనస్ ఐరిస్ వెళ్లి వెలెజ్ సార్స్‌ఫీల్డ్‌ను, తరవాత మొరుంబి వెళ్లి సావో పాలో జట్టును ఓడించింది. అప్పుడు నిబంధనల పుస్తకం తెరుచుకుంది. ఆ దశ ఆటలు జరిగే స్టేడియంలో కనీసం 20,000 మంది పట్టాలి. తాతల ఇటుకలతో కట్టిన ఇల్లు చాలలేదు. సెమీఫైనల్ సొంత ఆట మోజి మిరింలో, ఫైనల్ సొంత ఆట సావో పాలో నగరంలోని పకయెంబులో ఆడారు. అక్కడ 1-1. అర్జెంటీనాలో లనూస్ చేతిలో 0-2. జీవితంలో ఒకే ఒక్కసారి అంత పెద్ద పెళ్లి కుదిరితే, ఇల్లు ఇరుకని వేరే ఊళ్లో సత్రం అద్దెకు తీసుకుని చేసుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాదే దేశ లీగులో కింది డివిజన్‌కు కూడా జారిపోయారు.

ఓటమిని ఇలా అందంగా చెప్పుకుంటూ పోతే నాకే అనుమానం వస్తుంది. ఎప్పుడూ గెలవని జట్టును దూరం నుంచి ప్రేమించడం తేలిక, ముఖ్యంగా వేల మైళ్ల అవతల ఉన్నవాడికి. 2017 నవంబరు 26 నాటి వీడియో చూస్తే ఆ మత్తు దిగిపోతుంది. తప్పక గెలవాల్సిన ఆటలో వితోరియా జట్టు మీద 2-0తో ముందున్నారు. ఒక డిఫెండర్ చేసిన చేష్టకు ఎర్రకార్డు పడింది. అక్కడి నుంచి 2-3. కింది డివిజన్ ఖాయమయ్యేసరికి జనం కంచె విరగ్గొట్టి మైదానంలోకి దూకారు, ఆటగాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని లోపలికి పరిగెత్తారు, ఆట అక్కడితో ఆగిపోయింది. ముసలమ్మ మీద ప్రేమ అని నేను ఇందాక రాసిన మాటకు ఇది కూడా ఒక ముఖమే. ఆ రోజు మా సహోద్యోగి ఎక్కడ ఉన్నారని అడిగాను. గ్యాలరీలోనే అన్నారు. కంచెకు ఏ వైపు అని అడగలేదు.

తరవాతి సంవత్సరాలు త్వరగా చెప్పేయవచ్చు. 2024లో పోంచి ప్రేతా, గ్వారని రెండూ చెయ్యి చెయ్యి పట్టుకున్నట్టు రెండో డివిజన్ నుంచి మూడోదానికి పడిపోయాయి. 2025 క్లబ్బుకు 125వ ఏడాది. ఆ అక్టోబరు చివర్లో లోండ్రీనా జట్టుతో మూడో డివిజన్ ఫైనల్. అక్కడ 0-0, ఇక్కడ మజెస్తోజోలో 2-0. జాతీయ స్థాయిలో పోంచి ప్రేతా ఎత్తిన మొట్టమొదటి కప్పు. మజెస్తోజో అంటే రాజసం గలది. ఇటుకల ఇంటికి అభిమానులు పెట్టుకున్న పేరు.

మనకు అప్పుడు అర్ధరాత్రి దాటింది. ఫోను చిన్న తెర మీద చూశాను. తెల్ల చొక్కాల మీద ఏటవాలు నల్ల పట్టీ వేసుకున్నవాళ్లు కప్పు చుట్టూ గెంతుతున్నారు. సంతోషం వేసింది, కానీ ఆశ్చర్యంగా నేను అనుకున్నంత వేయలేదు. 125 ఏళ్లు ఎదురుచూసింది దీనికోసమా అనిపించింది. 'ఎన్ని కప్పులు' అన్న స్నేహితుడికి ఇక ఒక అంకె చెప్పవచ్చు. చెబితే, "మూడో డివిజనా?" అంటాడని తెలుసు.

మా సహోద్యోగికి అభినందనలు పంపాను. తాత ఇటుకలు ఈ రోజుకు ఫలించాయని కూడా, కొంచెం కవిత్వం కలిపి రాశాను. తెల్లవారాక జవాబు వచ్చింది. కప్పు గురించి ఒక్క ముక్క లేదు, తాత గురించీ లేదు. వచ్చే ఏడాది మనం రెండో డివిజన్‌లో ఉంటాం, గ్వారని మూడోదాంట్లోనే ఉండిపోయింది, చూశావా, అని ఉంది. దాని కింద ఒక కోతి బొమ్మ.